స్పీకరు మీద ఆ ‘4 ఓములు’ ఏమిటి?

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు చుట్టుపక్కల కర్మాగారాలు దట్టంగా ఉంటాయి. బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి ఇవన్నీ పారిశ్రామికవాడలే. కాజీపల్లి పేరు చెప్పగానే మందుల కర్మాగారాలు, వాటికి సరుకు మోసే లారీలు గుర్తుకొస్తాయి. ఆ రోడ్డు పక్కన కాసేపు నిలబడితే రకరకాల చప్పుళ్లు చెవిన పడతాయి. మోటార్ల హోరు, లారీల హారన్లు సరేసరి. వీటి మధ్య నుంచి ఎప్పుడైనా ఒక కారు వెళుతుంది. పాట వినపడక ముందే ‘ధుమ్ ధుమ్’ అంటూ దరువు వస్తుంది. అది చెవికి వినిపించడం కన్నా గుండెకు తగలడం అంటేనే సరిగ్గా ఉంటుంది. పక్కనున్న దుకాణం అద్దాలు కూడా అదురుతాయి.

ఆ దరువును పుట్టించేది కారు డిక్కీలో పెట్టెలో బిగించిన పెద్ద లౌడ్ స్పీకరు. మంద్రస్వరాల కోసమే తయారైన ఈ స్పీకరును సబ్ ఊఫర్ అంటారు. మన దగ్గర చాలామంది ‘బఫర్’ అనేస్తారు. దానికి బలమిచ్చేది ఆంప్లిఫయరు.

పిల్లలూ! ఈసారి అలాంటి స్పీకరు కనిపిస్తే వెనకవైపు అయస్కాంతం మీద ఏం రాసి ఉందో చూడండి. ‘4 ఓములు’ అనో, ‘2 ఓములు’ అనో ఉంటుంది. ఆంప్లిఫయరు మీద కూడా ‘కనీసం 2 ఓములు’ వంటి ఒక అంకె ఉంటుంది. ఈ రెండు అంకెలకూ లెక్క కుదిరితేనే పాట. కుదరకపోతే ఆంప్లిఫయరు మాడిపోవచ్చు, తీగలు కరిగి బండికే నిప్పు అంటుకోవచ్చు. ఇంతకీ ఆ లెక్క ఏమిటి? అది మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే. రండి, చూద్దాం.

ఓములు తగ్గితే కరెంటు పెరుగుతుంది

విద్యుత్ నిరోధానికి కొలత ఓము. 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు జార్జి సైమన్ ఓమ్ తన సూత్రాన్ని ప్రకటించాడు. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది. మనకు కావలసిన సూత్రాలు ఈ రెండే.

లెక్క కోసం, ఒక ఆంప్లిఫయరు 20 వోల్టులు ఇస్తుందని అనుకుందాం. దానికి వేర్వేరు ఓముల స్పీకర్లు తగిలిస్తే ఏమవుతుంది?

8 ఓములు — 2.5 ఆంపియర్లు — 50 వాట్లు
4 ఓములు — 5 ఆంపియర్లు — 100 వాట్లు
2 ఓములు — 10 ఆంపియర్లు — 200 వాట్లు
1 ఓము — 20 ఆంపియర్లు — 400 వాట్లు

చూశారా? ఆంప్లిఫయరు మారలేదు. దాని మీటా మారలేదు. ఓములు సగమైన ప్రతిసారీ కరెంటు రెట్టింపు, వాట్లు రెట్టింపు. ఎంత కరెంటు లాగాలో నిర్ణయించేది స్పీకరు. అడిగినంతా ఇవ్వవలసింది ఆంప్లిఫయరు.

అయితే 1 ఓము పెట్టి 400 వాట్లు లాగేస్తే పోలేదా? ఇక్కడే చిక్కు. ఆంప్లిఫయరు లోపల ఆ కరెంటును మోసేవి చిన్న చిన్న ట్రాన్సిస్టర్లు. కరెంటు పెరిగే కొద్దీ వాటిలో పుట్టే వేడి పెరుగుతుంది. వేడి బయటికి పోవడానికే ఆంప్లిఫయరు పెట్టెను గాడులు గాడులుగా అల్యూమినియంతో చేస్తారు. ఆ పెట్టె వదిలించుకోగలిగిన దానికన్నా ఎక్కువ వేడి పుడితే ట్రాన్సిస్టరు చచ్చిపోతుంది. మంచి ఆంప్లిఫయర్లలో రక్షణ సర్క్యూటు ఉంటుంది. కరెంటు హద్దు మీరగానే అది తనంతట తానే పాట ఆపేస్తుంది. చవక రకాల్లో ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు.

అందుకే ‘కనీసం 2 ఓములు’ అంటే గట్టి హెచ్చరిక అన్నమాట. ‘రెండు ఓముల కన్నా తక్కువ తగిలిస్తే నేను మోయలేను’ అని ఆంప్లిఫయరు చెబుతున్నది. ఎక్కువ ఓములు తగిలిస్తే మాత్రం నష్టం లేదు. శబ్దం కాస్త తగ్గుతుంది, అంతే. (ఇది ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయర్ల మాట. వాల్వులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పాత ఆంప్లిఫయర్ల సంగతి వేరు. వాటిని స్పీకరు తగిలించకుండా మోగిస్తే ట్రాన్స్‌ఫార్మరు పాడయ్యే ప్రమాదం ఉంది.)

నిరోధం కాదు, అవరోధం

ఇప్పుడు ఒక తమాషా చూద్దాం. 4 ఓముల స్పీకరును మల్టీమీటరుతో కొలవండి. 4 చూపించదు. 3.2 నుంచి 3.6 వరకు ఎంతో ఒకటి చూపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడా? లేదు. మల్టీమీటరు కొలిచింది ఒకటి, స్పీకరు మీద రాసింది ఇంకొకటి.

మల్టీమీటరులో ఉన్నది బ్యాటరీ. అది ఒకే దిక్కున ప్రవహించే కరెంటును పంపుతుంది. దానికి అడ్డుపడేది స్పీకరు లోపలి రాగి తీగ నిరోధం మాత్రమే. పాట సంగతి అలాంటిది కాదు. పాటలో కరెంటు ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. సెకనుకు 50 సార్లు ఊగితే దాని పౌనఃపున్యం 50 హెర్ట్జులు. ఇలా ఊగే కరెంటుకు తీగ నిరోధంతోపాటు మరికొన్ని అడ్డంకులు ఎదురవుతాయి. అన్నీ కలిపి అవరోధం అంటారు. ఇంగ్లీషులో దాని పేరు ఇంపిడెన్సు. ఈ మాటను 1886లో వాడుకలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్. ఆయన 16 ఏళ్లకే బడి మానేసి, టెలిగ్రాఫు ఆపరేటరుగా పనిచేసి, గణితం తనంతట తానే నేర్చుకున్నవాడు!

ఆ అడ్డంకుల్లో మొదటిది తీగచుట్ట స్వభావం. చుట్టలో కరెంటు మారినప్పుడల్లా దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు చుట్టలోనే ఎదురు వోల్టేజీని పుట్టించి, కరెంటు మారకుండా అడ్డుకుంటుంది. కరెంటు ఎంత వేగంగా మారితే అడ్డు అంత ఎక్కువ. దీన్ని ప్రేరక ప్రతిరోధం అంటారు. చుట్ట ప్రేరకత్వాన్ని పౌనఃపున్యంతోనూ, 6.28తోనూ గుణిస్తే అది ఓముల్లో వస్తుంది.

చుట్ట ప్రేరకత్వం 1 మిల్లీహెన్రీ అనుకోండి. 50 హెర్ట్జుల దగ్గర ప్రతిరోధం 0.3 ఓములే. 1000 హెర్ట్జుల దగ్గర 6.28 ఓములు! దీన్ని తీగ నిరోధానికి కలపాలి. అయితే మామూలు కూడిక పనికిరాదు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలుగా వేసి, పైథాగరస్ సూత్రంతో కర్ణం కట్టాలి. నిరోధం 3.5, ప్రతిరోధం 6.28 అయితే కర్ణం సుమారు 7.2 ఓములు. 50 హెర్ట్జుల దగ్గర ఇలాగే కడితే దాదాపు 3.5 ఓములే మిగులుతుంది. స్పీకరు ఒక్కటే అయినా, స్వరం మారితే ఓములు మారాయన్నమాట.

స్పీకరు కూడా ఒక మోటారే

రెండో అడ్డంకి ఇంకా చిత్రమైనది. అది తెలియాలంటే స్పీకరు లోపలికి తొంగి చూడాలి. వలయంలా గాడి ఉన్న అయస్కాంతం. ఆ గాడిలో ఎక్కడా తగలకుండా నిలిచిన తీగచుట్ట. చుట్టకు అతికించిన కాగితపు శంకువు. చుట్టలో కరెంటు ఒక దిక్కున పోతే శంకువు ముందుకు, రెండో దిక్కున పోతే వెనక్కు కదులుతుంది. ఆ కదలిక గాలిని తోస్తే శబ్దం పుడుతుంది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ఈ నిర్మాణాన్ని వివరించారు. నేటికీ దాదాపు స్పీకర్లన్నీ ఆ బాటలోనే నడుస్తున్నాయి.

అయస్కాంతంలో తీగచుట్ట, దానిలో కరెంటు, దానివల్ల కదలిక. ఇది మోటారు కాక మరేమిటి? మోటారు గుండ్రంగా తిరుగుతుంది, స్పీకరు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. తేడా అదొక్కటే.

అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగలో వోల్టేజీ పుడుతుందని మీకు తెలుసు. కాబట్టి కదులుతున్న మోటారు ఒకవైపు కరెంటు తీసుకుంటూనే, మరోవైపు డైనమోలాగా ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. ఆ ఎదురు వోల్టేజీయే మోటారులోకి వచ్చే కరెంటును అదుపులో ఉంచుతుంది. పొలంలో బోరు మోటారు బిగుసుకుపోతే ఏమవుతుంది? తిరగదు గనుక ఎదురు వోల్టేజీ ఉండదు. కరెంటు ఒక్కసారిగా పెరిగి చుట్ట మాడిపోతుంది. కాసేపటికి మోటారు వైండింగు షాపులో ఉంటుంది! కర్మాగారాల్లో పెద్ద మోటార్లకు కరెంటు పెరగగానే ఆపేసే రిలేలు పెట్టేది కూడా ఇందుకే.

స్పీకరులోనూ ఇదే జరుగుతుంది. ఊయలకు ఒక సహజమైన ఊపు ఉన్నట్లే స్పీకరు శంకువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. పెద్ద సబ్ ఊఫర్‌కు అది 30, 40 హెర్ట్జుల దగ్గర ఉండవచ్చు. ఆ స్వరం వచ్చినప్పుడు కొద్దిపాటి బలానికే శంకువు జోరుగా ఊగుతుంది. దీన్ని అనునాదం అంటారు. జోరుగా ఊగితే ఎదురు వోల్టేజీ ఎక్కువ. ఎదురు వోల్టేజీ ఎక్కువైతే లోపలికి వచ్చే కరెంటు తక్కువ. అంటే అవరోధం ఎక్కువ! 4 ఓములని రాసిన స్పీకరు ఆ ఒక్క స్వరం దగ్గర 20 ఓములకు పైగా చూపించవచ్చు.

కాబట్టి ‘4 ఓములు’ అన్నది ఒక గుండ్రని అంకె, నామమాత్రపు అవరోధం. అయినా దానికి ఒక కట్టుబాటు ఉంది. పనిచేసే స్వరాల పరిధిలో అవరోధం ఎక్కడా ఆ అంకెలో 80 శాతానికి తగ్గకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. 4 ఓముల స్పీకరు 3.2 ఓములకు దిగవచ్చు, అంతకన్నా దిగకూడదు. ఎక్కడో ఒక స్వరం దగ్గర 20 ఓములున్నాయని ఆంప్లిఫయరు ధీమాగా ఉండటానికి లేదు. పాటలో అన్ని స్వరాలూ వస్తాయి. అన్నిటికన్నా తక్కువ ఓములు పడే స్వరాన్ని కూడా అది మోయాలి.

మీరే చేసి చూడండి

పాత రేడియోలోని స్పీకరు ఒకటి, వీలైతే రెండు సంపాదించండి. గోడలోని ప్లగ్గుతో పనిలేదు.

1. ఒక టార్చి సెల్లు తీసుకుని స్పీకరు రెండు కొసలకూ ఒక్క క్షణం తాకించండి. ‘టక్’ మంటూ శంకువు ముందుకు వస్తుంది. సెల్లు తిప్పి తాకిస్తే వెనక్కు పోతుంది.

2. రెండు స్పీకర్లను తీగలతో ఒకదానికొకటి కలపండి. ఒక శంకువును వేలితో మెల్లగా తట్టండి. రెండోదాని మీద చెవి పెడితే ఆ తట్టు వినిపిస్తుంది. మొదటిది డైనమో అయింది, రెండోది మోటారు అయింది.

3. విడిగా ఉన్న పెద్ద స్పీకరు శంకువును తట్టి శబ్దం వినండి. తరువాత దాని రెండు కొసలనూ చిన్న తీగతో కలిపి మళ్లీ తట్టండి. ఈసారి మోత తొందరగా అణగిపోతుంది. శంకువు కదలికవల్ల పుట్టిన కరెంటు ఆ తీగ గుండా తిరిగి వచ్చి, శంకువునే పట్టి ఆపుతుంది.

జోడు కుదర్చడం అంటే సమానం చేయడం కాదు

మూడో ప్రయోగం నుంచి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. స్పీకరుకూ ఆంప్లిఫయరుకూ ‘ఓములు మ్యాచ్ చేయాలి’ అని అందరూ అంటుంటారు. దానితో ఆంప్లిఫయరు లోపలి అవరోధం కూడా 4 ఓములే ఉండాలని కొందరు అనుకుంటారు. అలా ఉంటే పుట్టిన సామర్థ్యంలో సగం ఆంప్లిఫయరులోనే వేడిగా ఖర్చయిపోతుంది. నిజానికి మంచి ఆంప్లిఫయరు లోపలి అవరోధం చాలా తక్కువ, తరచు 0.1 ఓముకు లోపే. స్పీకరు వైపు నుంచి చూస్తే అది మీరు ప్రయోగంలో పెట్టిన చిన్న తీగలాంటిదే. దరువు ఆగిన వెంటనే శంకువు కూడా ఆగేది అందువల్లే. ఇక్కడ జోడు కుదరడమంటే ఒక్కటే అర్థం: స్పీకరు లాగే కరెంటు ఆంప్లిఫయరు మోయగలిగినదై ఉండాలి.

కారులో 4 ఓములే ఎందుకు?

ఇళ్లలో వాడే పెద్ద స్పీకర్లు చాలావరకు 8 ఓములవి. కార్లలో 4 ఓములవి, 2 ఓములవి ఎక్కువ. కారణం కారు బ్యాటరీ. అది ఇచ్చేది 12 వోల్టులు. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14. ఇంత తక్కువ వోల్టేజీతో ఎక్కువ వాట్లు రావాలంటే కరెంటు పెంచాలి. కరెంటు పెరగాలంటే ఓములు తగ్గాలి. కారు రేడియోలో మామూలు ఆంప్లిఫయరు 4 ఓముల స్పీకరుకు 20 వాట్లు ఇవ్వడమే గొప్ప. అంతకన్నా కావాలంటే ముందు 12 వోల్టులను పెంచే సర్క్యూటు పెట్టుకోవాలి. డిక్కీలో కూర్చునే పెద్ద ఆంప్లిఫయర్లలో ఉండేది అదే. మన లెక్కలోని 20 వోల్టులు అలా వచ్చినవే.

కలిపే తీరును బట్టి లెక్క

ఒక స్పీకరైతే సరే, రెండు ఉంటే? ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు 4 ఓముల స్పీకర్లను శ్రేణిలో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా కలిపితే 8 ఓములు. సమాంతరంగా, అంటే రెండిటినీ పక్కపక్కన ఒకే జత కొసలకు కలిపితే 2 ఓములు. ‘స్పీకర్లు పెరిగితే భారం పంచుకుంటాయి కదా’ అనిపిస్తుంది. సమాంతరంలో ఆంప్లిఫయరు మీద భారం రెట్టింపవుతుంది! ఒక ట్యాంకుకు రెండో కుళాయి కూడా విప్పితే నీళ్లు ఎక్కువ పోతాయా, తక్కువ పోతాయా? ఇదీ అంతే.

సబ్ ఊఫర్లలో చాలావాటికి ఒకే శంకువు మీద రెండు తీగచుట్టలు ఉంటాయి. దుకాణంలో వాటిని డబుల్ కాయిల్ అంటారు. ఒక్కొక్క చుట్ట 4 ఓములదైతే శ్రేణిలో 8, సమాంతరంలో 2 ఓములు వస్తాయి. అలాంటి స్పీకర్లు రెండు ఉంటే మొత్తం నాలుగు చుట్టలు. వాటిని ఇలా కలపవచ్చు:

నాలుగూ శ్రేణిలో — 16 ఓములు
రెండేసి శ్రేణిలో కలిపి, ఆ జతలు సమాంతరంగా — 4 ఓములు
నాలుగూ సమాంతరంగా — 1 ఓము

వస్తువులు అవే, తీగలు అవే. కొసలు కలిపే తీరు మారితే 16 ఓములు 1 ఓము అయ్యాయి. ఆంప్లిఫయరు లాగవలసిన కరెంటు పదహారు రెట్లయింది. కలపడంలో ‘+’, ‘–’ గుర్తులు కూడా ముఖ్యమే. ఒక స్పీకరు కొసలు తిరగబడితే ఒక శంకువు గాలిని తోస్తుంటే రెండోది లాగుతుంది. దరువు సన్నబడిపోతుంది.

మరొక కిటుకు బ్రిడ్జి పద్ధతి. రెండు చానెళ్ల ఆంప్లిఫయరులో ఆ రెంటినీ ఒకే స్పీకరుకు చెరోవైపు తగిలిస్తారు. ఒకటి +20 వోల్టులకు ఎక్కినప్పుడు రెండోది –20కి దిగుతుంది. స్పీకరు మీద 40 వోల్టులు పడతాయి. స్పీకరు 4 ఓములదైతే కరెంటు 10 ఆంపియర్లు. ఇప్పుడు ఒక్కొక్క చానెలు వైపు నుంచి చూడండి. అది ఇస్తున్నది 20 వోల్టులు, మోస్తున్నది 10 ఆంపియర్లు. అంటే దానికి 2 ఓముల స్పీకరు తగిలించినట్లే! బ్రిడ్జిలో ప్రతి చానెలుకూ సగం ఓములే కనబడతాయి. అందుకే బ్రిడ్జి కలిపినప్పుడు ఎన్ని ఓములకు తగ్గకూడదో ఆంప్లిఫయరు మీద విడిగా రాస్తారు.

బ్యాటరీ నుంచి వచ్చే తీగ

ఆంప్లిఫయరు వాట్లను సృష్టించదు. బ్యాటరీ నుంచి తీసుకుంటుంది, అందులో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. నూటికి 65 పాళ్లు స్పీకరుకు చేరుతాయనుకుంటే, 200 వాట్లు ఆగకుండా మోగడానికి బ్యాటరీ 300 వాట్లకు పైగా ఇవ్వాలి. 12 వోల్టుల దగ్గర అది సుమారు 25 ఆంపియర్లు. కారు హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునేది 10 ఆంపియర్లే!

బ్యాటరీ ముందు, ఆంప్లిఫయరు వెనక. పోను 5 మీటర్లు, రాను 5 మీటర్లు, మొత్తం 10 మీటర్ల తీగ అనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు మీటరుకు 0.017 ఓము నిరోధం. 10 మీటర్లకు 0.17 ఓము. ‘ఇంతేనా’ అనకండి. 25 ఆంపియర్లు పోతే ఆ తీగలోనే 4 వోల్టులకు పైగా పడిపోతాయి. ఆంప్లిఫయరుకు చేరేది 8 వోల్టులే. తీగలో పుట్టే వేడి వంద వాట్లు దాటుతుంది. వంద వాట్ల బల్బును ముట్టుకుంటే ఎలా ఉంటుందో తలచుకోండి. ఆ వేడి సీట్ల కింద, కార్పెట్ల కింద, ప్లాస్టిక్ తొడుగు లోపల పుడుతున్నది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది అర వోల్టు కన్నా తక్కువ, వేడి 11 వాట్లకు లోపు.

తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని గుర్తుంచుకోండి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. బజారులో పైకి రాగిలా మెరుస్తూ లోపల అల్యూమినియం ఉండే తీగలు కూడా దొరుకుతాయి. అల్యూమినియం నిరోధకత రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ. అందుకే బ్యాటరీకి దగ్గరలోనే, తీగ మోయగలిగిన కరెంటుకు తగిన ఫ్యూజు తప్పక ఉండాలి. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో వట్టి తీగ చుట్టడం అంటే నిప్పుతో ఆడుకోవడమే.

పందిట్లో కట్టే హారన్ స్పీకర్లకు ఈ బాధ వేరే విధంగా తీరింది. అక్కడ తీగ వందల మీటర్లు పోవాలి. 8 ఓముల స్పీకరుకు నేరుగా 30 వాట్లు పంపాలంటే దాదాపు 2 ఆంపియర్లు కావాలి. దాని బదులు ఆంప్లిఫయరు 100 వోల్టులు పంపుతుంది. ప్రతి హారన్ దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఆ వోల్టేజీని దించుతుంది. అప్పుడు తీగలో పోయేది 0.3 ఆంపియరే. కర్మాగారాలకు కరెంటు వేల వోల్టుల లైన్ల మీద రావడంలోని కిటుకు కూడా ఇదే.

ఇంత చేస్తే చెవికి దక్కేదెంత?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఓములు సగం చేసి, ఆంప్లిఫయరును మాడేంతగా వేడెక్కించి, బ్యాటరీని పీల్చి, 200 వాట్లను 400 చేశాం. శబ్దం రెట్టింపయిందా?

కాలేదు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్కలో వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ‘కాస్త పెరిగినట్లుంది’ అనిపించేంత. చెవికి శబ్దం రెట్టింపైనట్లు తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. పైగా మొదటి వాట్లలోనే ఎంతో శబ్దం ఉంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్సు ఇచ్చే స్పీకరు ఉందనుకోండి. 2 వాట్లకు 91, 4 వాట్లకు 94, 8 వాట్లకు 97, 16 వాట్లకే 100 డెసిబెల్సు!

మరి చెవి మాటేమిటి? అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్సు శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. శబ్దం 3 డెసిబెల్సు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ఇలా లెక్క కడితే 100 డెసిబెల్సుకు 15 నిమిషాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఉంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. ఆంప్లిఫయరు మాడితే ఇంకొకటి కొనుక్కోవచ్చు.

మన దేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దు. కాజీపల్లి వంటి పారిశ్రామికవాడలో కూడా పగలు 75, రాత్రి 70 మాత్రమే. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. యంత్రాలు నడిచే చోటుకు పెట్టిన హద్దును కూడా 16 వాట్ల స్పీకరు దగ్గరలో దాటేస్తుంది.

కాబట్టి తెలివైన కారు యజమాని ఓములు తగ్గించుకుంటూ పోడు. ఆంప్లిఫయరు సుఖంగా మోయగల ఓములు చూసుకుంటాడు. ఒక వాటుకు ఎక్కువ శబ్దమిచ్చే స్పీకరును, దానికి సరైన కొలతల పెట్టెను ఎంచుకుంటాడు. స్పీకరు 88 బదులు 91 డెసిబెల్సు ఇచ్చేదైతే, ఆంప్లిఫయరును రెట్టింపు చేసినంత లాభం ఖర్చు లేకుండా వచ్చినట్లే కదా!

ఆలోచించండి

1. మీ దగ్గర 8 ఓముల స్పీకర్లు నాలుగున్నాయి. ఆంప్లిఫయరు మీద ‘కనీసం 4 ఓములు’ అని ఉంది. నాలుగింటినీ సమాంతరంగా కలపవచ్చునా? లేకపోతే ఎలా కలపాలి?

2. ఒక సబ్ ఊఫర్‌కు 2 ఓముల చుట్టలు రెండు ఉన్నాయి. ఆంప్లిఫయరు ఒక్కొక్క చానెలుకు కనీసం 2 ఓములు కావాలి. బ్రిడ్జి పద్ధతిలో చుట్టలను ఎలా కలపాలి?

3. శంకువు బిగుసుకుపోయి కదలని స్పీకరును అలాగే మోగిస్తే చుట్ట ఎందుకు వేడెక్కుతుంది?

జవాబులు: 1. కలపకూడదు, 2 ఓములే అవుతుంది. రెండేసి చొప్పున శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలిపితే 8 ఓములు వస్తుంది. లేదా రెండింటినే సమాంతరంగా వాడితే సరిగ్గా 4 ఓములు. 2. శ్రేణిలో. అప్పుడు మొత్తం 4 ఓములు, ఒక్కొక్క చానెలుకు కనబడేది 2 ఓములు. సమాంతరంలో కలిపితే మొత్తం 1 ఓము, చానెలుకు అర ఓమే! 3. బిగుసుకుపోయిన బోరు మోటారును గుర్తు చేసుకోండి. కదలిక లేనిచోట ఎదురు వోల్టేజీ లేదు, చుట్టను చల్లబరిచే గాలి ఆట కూడా లేదు.